పెద్దమ్మ మోచేతి కొలత

నేను కడపలో చదువుకునే ఆ రోజుల్లో, పరీక్షల్లో వచ్చే ప్రశ్నలకన్నా బయట ఎదురయ్యే ఒక ప్రశ్న నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. బస్సులో పక్క సీటు ఆమె అడిగేది, పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్న ఆయన అడిగేవాడు, చుట్టాల ఇంట్లో చెప్పులు విప్పకముందే ఎవరో ఒకరు అడిగేవాళ్ళు: "ఏం సదువుతాండావు పాపా?" ఇంజినీరింగ్ అంటే తలూపేవాళ్ళు. నర్సింగ్ అంటే చెయ్యి చాపి బీపీ చూడమనేవాళ్ళు. డిగ్రీ అంటే పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళు. ఇంటీరియర్ డిజైన్ అని చెప్తే మాత్రం మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు. కాసేపాగి, "అంటే?" అనేవాళ్ళు. ఆ "అంటే"కి జవాబు నాకు కూడా అప్పటికి సరిగ్గా తెలియదు. ఇంటి లోపల ఏది ఎక్కడ ఉండాలో, వెలుతురు ఎటు నుంచి రావాలో, మనిషి ఇబ్బంది లేకుండా ఎట్లా తిరగాలో నేర్పే చదువని నేను తంటాలు పడుతుంటే, మా నాయన అడ్డొచ్చి ఒక్క మాటలో తేల్చేసేవాడు. "అదీ ఇంజినీరింగేప్పా. కాకపోతే ఇంటి లోపల చేసేది."

మా ఊరు కోడుమూరుకు దగ్గర్లోనే. వానలు పడిన ఏడు పత్తి, శనగ వేస్తారు. పడని ఏడు ఆకాశం వైపు చూస్తారు. ఒకే కాంపౌండులో మేమూ, పెద్దనాయన వాళ్ళూ కలిసి ఉండేవాళ్ళం. పొయ్యి ఒకటే, పెత్తనం కూడా ఒకటే, అది పెద్దనాయనది. ఆయన ఊళ్ళో అందరికన్నా పొడుగు. ఏ గడప దాటినా తల వంచి దాటడం అలవాటై, ఆరుబయట నడిచేటప్పుడు కూడా కొంచెం వంగే ఉండేవాడు. (చూసేవాళ్ళు అది వినయం అనుకునేవాళ్ళు. ఒకసారి సర్పంచుగా నిలబడి కొద్దిలో ఓడిపోయాక ఆయన కూడా దాన్ని వినయంగానే ఒప్పుకున్నాడు.) మా పెద్దమ్మ ఆయన పక్కన మరీ పొట్టి. ఇద్దరూ కలిసి అహోబిలం తిరునాళ్ళకు పోతే ఆమె ఆయన నీడలోనే ఎండ తగలకుండా నడిచి వచ్చేది. మాట కూడా మనిషిలాగే చిన్నది. కోళ్ళను అదిలించేటప్పుడు తప్ప ఆమె గొంతు పెంచగా నేను వినలేదు.

చిన్నప్పటి నుంచి నాకు బొమ్మలు గీసే పిచ్చి. ఇంటర్ అయ్యాక మా లెక్చరర్ ఒకాయన చెప్తే ఎంట్రన్స్ రాశాను, కడప యూనివర్సిటీలో సీటొచ్చింది. మా వైపు వంటిళ్ళకు అప్పటిదాకా కడప నుంచి వచ్చింది నల్లబండలు మాత్రమే. అక్కడ నుంచి చదువు కూడా వస్తుందని ఎవరూ అనుకోలేదు. పెద్దనాయన సీటు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇల్లు సర్దేదానికి నాలుగేండ్ల సదువా? మీ పెద్దమ్మ బడికి పోకనే సర్దుతాండాది" అన్నాడు. మా నాయన అన్న మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. అయినా ఆ రోజు ఎందుకో గొణిగినట్టుగా, పాపకు ఇష్టముంది కదన్నా అన్నాడు. ఆ గొణుగుడు మీదే నేను కడప బస్సెక్కాను. మొదటేడు గడిచింది. రెండో ఏడు మొదలయ్యేసరికి పెద్దనాయన ఓపిక అయిపోయింది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఈ చదువు దేనికి పనికొస్తుందో తనకు అర్థమయ్యేటట్టు చెప్పాలని, లేకపోతే సర్దుకుని వచ్చేసి కర్నూల్లో మామూలు డిగ్రీలో చేరి, ఆ తర్వాత బి.ఇడి. చేసుకోవాలని నాయనతో చెప్పి పంపించాడు. మా ఇంట్లో అది సుప్రీంకోర్టు తీర్పు కింద లెక్క.

అక్కడ కడపలో నా పరిస్థితి కూడా అంత గొప్పగా ఏమీ లేదు. గీసిన గీత వంకరపోయేది, అంటించిన అట్టముక్క ఊడిపోయేది, ఎండకు చెమట కారి డ్రాయింగు షీటు మీద ఇంకు అలుక్కుపోయేది. మాకు ఒక మేడం ఉండేది. చేతిలో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది కాబట్టి స్కేలు మేడం అని పేరు పెట్టుకున్నాం. ఆమె ఆ స్కేలుతో ఎవరినీ కొట్టలేదు గానీ, షీటు మీద తప్పున్న చోట దాన్ని మెల్లగా ఆనించేది. దానికన్నా కొడితేనే బాగుండేదనిపించేది. దసరా సెలవులకు ముందు ఆమె మాకు వంటిల్లు గీసే పని ఇచ్చింది. లైబ్రరీ పుస్తకంలో చూసి కొలతలు రాసుకొచ్చిన మమ్మల్నందరినీ నిలబెట్టి, "ఈ పుస్తకంలో ఉన్న మనిషి మీ ఇంట్లో లేడు. మీ ఇంట్లో ఉన్న మనిషిని కొలుచుకుని రండి" అంది. మనిషి నిలబడితే ఎంత ఎత్తు, మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, చెయ్యి పైకి చాపితే ఎక్కడికి అందుతుంది, ఇవన్నీ కొలవాలి. ఇంట్లో వాళ్ళవే కాక ఇరుగుపొరుగు వాళ్ళవి కూడా ఎన్ని వీలైతే అన్ని. ఆ కొలతల మీద వంటిల్లు గీసి జ్యూరీ ముందు, అంటే షీట్లు చూసి మార్కులేసేవాళ్ళ ముందు, పెట్టాలి. నేను ఒక టేపు కొనుక్కుని, పెద్దనాయనకు ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించుకుంటూ, ఏమీ తోచకుండానే ఊరు చేరాను.

ఇంటికి పోయేసరికి కాంపౌండు వెనకవైపు కొత్త వంటిల్లు తయారై ఉంది. నేను రెండో ఏడు క్లాసులకు పోయాక పెద్దనాయన దగ్గరుండి కట్టించాడు. అప్పటిదాకా పెద్దమ్మ నేల మీద కూర్చుని పొయ్యి ముందే జన్మంతా గడిపింది. కొత్త దాంట్లో నిలబడి వండే గట్టు, దాని మీద అద్దంలా మెరిసే గ్రానైటు, గ్యాసు పొయ్యి, వెనక వీధి వైపు కిటికీ. వచ్చిన ప్రతివాళ్ళనూ పెద్దనాయన అందులోకి తీసుకుపోయి గ్రానైటు మీద అరచెయ్యి ఆనించి చల్లదనం చూడమనేవాడు. ఒక్కటే ఆయనకు లోటు. కొత్త వంటిల్లు వచ్చినప్పటి నుంచి జొన్నరొట్టె మందమైపోయిందట. ఒకప్పుడు పల్చగా, కాగితంలా ఉండేదట. "మీ పెద్దమ్మకు సుకం ఎక్కువైనాది. చేయి తిరగడం లేదు" అని భోజనం దగ్గర నాతో నవ్వుతూనే అన్నాడు. పెద్దమ్మ ఇంకో రొట్టె వేసింది.

మరుసటి రోజు పొద్దున్నే అమ్మతో కొలతలు మొదలుపెట్టాను. అమ్మకు చక్కిలిగింతలు. టేపు చంకకు తగలగానే నవ్వి కూలబడేది. లేచి నిలబడితే పప్పు అడుగంటుతుందని పరుగెత్తేది. గోడకు ఆనించి నిలబెట్టి తల దగ్గర పెన్సిలుతో గీత పెట్టేసరికి నాకు చెమటలు పట్టాయి. ఇదంతా పక్కింటి రేడియో అవ్వ గోడ మీది నుంచి చూస్తోంది. (ఆమెకు ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఏ విషయమైనా ఆమెకు తెలిసిందంటే అది ప్రసారమైనట్టే.) ఏం చేస్తాండావని అడిగితే, చదువు కోసం మనుషుల్ని కొలుస్తున్నానని ఉన్నమాటే చెప్పాను. నన్ను కూడా కొలవమంది. కొలిచాను. ఆమె సంతోషంగా బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది. నేను చేసింది అంతే. తర్వాత జరిగిందంతా కొళాయి దగ్గర జరిగింది.

కొళాయి దగ్గర అవ్వ చెప్పింది, గవర్నమెంటు కాలేజీ పాప అందరినీ కొలుస్తాందని. అక్కడి నుంచి అది టీ అంగడికి చేరేసరికి, గవర్నమెంటు అందరినీ కొలిపిస్తోందని అయింది. ఎందుకు కొలిపిస్తోంది అన్న దగ్గర ఎవరో తెలివైనవాళ్ళు ఆలోచించి ఉంటారు. పొడుగు కొలుస్తున్నారంటే మంచాల కోసమే అయ్యుండాలి. ముసలివాళ్ళకు మంచాలు, ఎవరి పొడుగుకు తగ్గట్టు వాళ్ళకు. అప్పుడప్పుడే ఎండెక్కుతుండగా నేను బయటికొచ్చి చూస్తే మా ఇంటి ముందు అరుగు నిండిపోయి ఉంది. కొందరు ఆధార్ కార్డు జిరాక్సులు కూడా తెచ్చారు. ఇది మంచాల కోసం కాదు, నా చదువు కోసం అని గట్టిగా, అందరికీ వినపడేటట్టు చెప్పాను. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. "మొదట అట్లనే చెప్తారులే" అని ఒకాయన పక్కనున్నామెకు సర్దిచెప్పాడు. ఎవ్వరూ కదల్లేదు. నేను ఇంకోసారి చెప్పాను. ఈసారి ఒకామె, పాపకు పైనుంచి ఆర్డరు వచ్చినట్టుంది, ఎక్కువ మాట్లాడనియ్యకండి అంది.

ఇంక చేసేదేముంది, కొలవడం మొదలుపెట్టాను. ముందుగా వచ్చింది మిలిట్రీ తాత. (ఆయన మిలిట్రీలో పనిచేసినవాడు కాదు. ఎవరో ఇచ్చిన ఖాకీ ప్యాంటు చాలా ఏళ్ళు వేసుకున్నాడు.) గోడకు ఆనుకుని బిగదీసుకుని, మడమలు లేపి నిలబడ్డాడు. తాతా, మడమలు దించు అంటే దించేవాడు, నేను గీత పెట్టే లోపల మళ్ళీ లేపేవాడు. చివరికి నా చెవి దగ్గరికి వంగి, "ఒగ బెత్తెడు ఎక్కువేసుకో పాపా. చలికాలంలో కాళ్ళు బయటికొస్తే శానా కష్టం" అన్నాడు. ఒకామె తన కొలత అయ్యాక, పొలానికి పోయిన మొగుడి కొలత కూడా తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించి రాసుకోమంది. ఇద్దరు ముసలమ్మలు తమకు ఒకే మంచం చాలని, కలిపి కొలవమని అడిగారు. నాకు నవ్వాగేది కాదు, భయమూ ఆగేది కాదు, ఎందుకంటే పొద్దున పురుగుమందు కోసం కోడుమూరు పోయిన పెద్దనాయన ఏ క్షణమైనా తిరిగి వస్తాడు.

వచ్చాడు. కానీ నేను అనుకున్నట్టు రాలేదు. బండి దిగి, అందరికీ రెండు చేతులూ జోడించి నమస్కారాలు పెడుతూ, ఇంకాస్త వంగి, మొహం వెలిగిపోతుండగా వచ్చాడు. టీ అంగడి దగ్గరే ఆయన్ను నలుగురు ఆపి, ఊరికి మంచాలు తెప్పించినందుకు మెచ్చుకున్నారట. ఎప్పుడో ఎలక్షన్లప్పుడు ఏ నాయకుడికో తను చెప్పిన మాట ఇన్నాళ్ళకు ఫలించిందని ఆయన అనుకున్నాడు. ఏదో మన చేతనైనంత చేస్తాండాం అని కూడా అనేసి వచ్చాడు. అరుగు మీద జనాన్ని చూసి వరుస సరిచేశాడు, ముసలివాళ్ళను నీడలోకి జరిపాడు, అందరికీ మజ్జిగ పంపమని లోపలికి చెప్పాడు. ఆ తర్వాత నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసి, "ఏం స్కీము పాపా ఇది? ఎవరు పంపించినారు?" అని మెల్లగా అడిగాడు.

"స్కీము కాదు పెద్దనాయనా" అన్నాను. "హోంవర్కు."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. చాలాసేపు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. బయటి నుంచి ఎవరో, అప్పా, మా పెద్దోడి పేరు గూడా చెప్పప్పా అని అరుస్తున్నారు. నేను పంపించేస్తానులే అంటే వద్దని చెయ్యి ఊపాడు. ఆ కాసేపట్లో ఆయన మనసులో ఏం జరిగిందో నాకు తెలియదు. లేచి, తల వంచి గడప దాటి, అరుగు మీద నిలబడి, ఇది మంచాల పథకం కాదని, దానికన్నా పెద్దదని చెప్పాడు. పెద్ద యూనివర్సిటీ వాళ్ళు మన వైపు వంటిండ్లు ఎట్లా ఉండాలో కనుక్కునేదానికి మన ఊరిని ఎంచుకున్నారని, అందుకే మనుషుల కొలతలు తీస్తున్నారని, రేపు ఎక్కడో పట్నంలో ఎవరో వంటిల్లు కట్టుకుంటే దాంట్లో మన ఊరి మనిషి కొలత ఉంటుందని. నేను నోరు తెరుచుకుని విన్నాను. ఏడాదికి పైగా నాకు చేతగాని పని ఆయన తన పరువు కోసం నిలబడిన చోటే చేసేశాడు. "అంటే?" అన్న ప్రశ్నకు అంత మంచి జవాబు నేను అంతకుముందు వినలేదు.

జనం కొంచెం నిరాశపడ్డారు. మజ్జిగ తాగారు. మిలిట్రీ తాత మాత్రం, సరేప్పా, మరి మంచాలు ఎప్పుడిస్తారు అని అడిగాడు. అంతా అయిపోయిందనుకుంటుండగా రేడియో అవ్వ లేచింది. వంటిండ్ల సంగతే అయితే మొదట మీ కొత్త వంటిల్లు కొలిపించినావా అని అడిగింది. పెద్దనాయన నవ్వి, దానికి కొలిచేదేముంది, అది దగ్గరుండి కట్టించిందే కదా అన్నాడు. "నేనే నిలబడి, నడుముకు సరిపోయేటట్టు కొలత పెట్టించినా."

"ఎవరి నడుముకప్పా?" అంది అవ్వ.

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దనాయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. మజ్జిగ గ్లాసులు ఏరుకుంటున్న పెద్దమ్మ చప్పున లోపలికి పోయింది.

మధ్యాహ్నం జనం పోయాక నేను వంటింట్లోకి పోయాను. ఆమె గట్టు ముందు ఒక పీట వేసుకుని, దాని మీద నిలబడి కూరగాయలు తరుగుతోంది. పక్కనున్న చెంబు కావాలంటే పీట దిగాలి, మళ్ళీ ఎక్కాలి. నేను కొలుస్తానంటే వద్దంది. నేను కూడా ఇంట్లో మనిషినే కదా, నన్ను కొలిచేదేముంది అంది. బతిమాలి పీట దింపి, చెయ్యి మడిచి నిలబెట్టాను. గట్టు అంచు ఆమె మోచేతికన్నా పైకి ఉంది. మోచేతికి కిందుగా ఉండాల్సింది దాదాపు పక్కటెముకల దగ్గరుంది. బరువేసి అదిమితే పీట కదులుతుందని పిండి పనికి ఆమె నేల మీదే నిలబడేదట. అంత ఎత్తులో జొన్నపిండి పిసకాలన్నా, రొట్టె తట్టాలన్నా భుజాలు రెండూ చెవుల దాకా లేపాలి. రొట్టె మందం కాక ఏమవుతుంది? భుజం నొప్పిగా లేదా అని అడిగితే, ఉంటే ఏముందిలే, కొత్తది కదా అని కుడి భుజం మీద కొంగు సర్దుకుంది. కొంగు కింద నొప్పికి అంటించే పట్టీ కనబడింది.

సాయంత్రం పెద్దనాయనకు చెప్పాను. గట్టు దించాలన్నాను. గ్రానైటు పరిచినాక పగలగొట్టేదా అని ఆయన మండిపడ్డాడు. వేలెడంత ఎత్తెక్కువైతే ఏమైపోతుందని, నిలబడి చేసే పనేగా అని అన్నాడు. వేలెడు కాదు పెద్దనాయనా, జానెడు అన్నాను. మా నాయన నా వైపు చూసి గమ్మునుండమని సైగ చేశాడు. నేను ఊరుకోకుండా, పెద్దమ్మకు ఇప్పుడు గట్టు ఎంత ఎత్తులో అనిపిస్తుందో నువ్వే ఒక్కసారి పిండి పిసికి చూడు, దానికి పనితనం అక్కర్లేదు, బలముంటే చాలు అన్నాను. బలం మాట వచ్చేసరికి ఆయన సరేనన్నాడు.

తెల్లారి వంటింట్లో మేమే ఉన్నాం. మా కాలేజీలో ఏదైనా కట్టకముందు అట్టముక్కలతో, చెక్కలతో దాని నమూనా పెట్టి చూడమని నేర్పిస్తారు. అట్లాగే నేను గట్టు మీద పీటలు, పలకలు పేర్చి, టేపుతో చూసుకుంటూ, పెద్దమ్మ మోచేతికి గట్టు ఎంత పైన ఉందో పెద్దనాయన మోచేతికి కూడా అంతే పైకి వచ్చేటట్టు చేశాను. పైన పళ్ళెం, పళ్ళెంలో జొన్నపిండి, వేడినీళ్ళు. ఆయన బనీను మీద తువ్వాల కట్టుకుని మొదలుపెట్టాడు. మొదట నవ్వుతూ పిసికాడు. తర్వాత నవ్వు ఆగింది. మనిషి బరువంతా వేసి అదమాల్సిన పిండిని మణికట్టుతో మాత్రమే అదమాల్సి వచ్చింది. భుజాలు పైకి లేచాయి, మెడ మాయమైంది, పళ్ళెం జారబోతే పట్టుకోబోయి పిండి మీసాలకు అంటుకుంది. అమ్మ నవ్వాపుకోలేక బయటికి పోయింది. కాసేపటికి ఆయన చేతులు దించి ఊపిరి పీల్చుకున్నాడు. నేను పీటలు, పలకలు తీసేసి పళ్ళెం గ్రానైటు మీదే పెట్టి, ఇప్పుడు చెయ్యి పెద్దనాయనా అన్నాను. ఈసారి పిండి ఆయన చేతుల కింద వెన్నలా లొంగింది. ఆయన రెండు మూడుసార్లు అదిమి, ఆపేసి, గట్టు వైపు చూశాడు. ఆ గట్టును చక్కగానే కట్టించాడు, ఎక్కడా తప్పు లేదు. కాకపోతే వంటింట్లో ఎన్నడూ వండని మనిషికి.

ఆయన చేతులు కడుక్కోలేదు. పిండి చేతులతోనే పెద్దమ్మ వైపు తిరిగి, "ఇన్ని దినాలు నోరెత్తకుండా ఎట్లుంటివే?" అన్నాడు.

పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "అంత ఇష్టపడి కట్టిస్తివి" అంది. "దించమని ఎట్ల అడిగేది?"

పెద్దనాయన బయట తొట్టి దగ్గర మీసాలు కడుక్కుని, బండి తీసుకుని మేస్త్రీ కోసం పోయాడు. ఆ రోజు పెద్దమ్మ చేసిన రొట్టె మందంగానే ఉంది. ఆయన అడిగి ఇంకొకటి వేయించుకున్నాడు.

గ్రానైటు పగలకుండా లేపి, కింద ఇటుక వరసలు తీసేసి, మళ్ళీ పరిచే పని నా సెలవుల్లోనే అయిపోయింది. ఎంత ఎత్తు ఉంచాలో మేస్త్రీ పెద్దనాయనను అడిగితే, ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. జీవితంలో మొదటిసారి నేను గీసిన గీత దగ్గర ఒక మనిషి ఇటుక ఆపాడు. అప్పుడు నాకు కలిగిన గర్వానికి హద్దు లేదు. నేల మీద నడుస్తున్నానో లేదో కూడా తెలియలేదు. ఆ గర్వం గట్టు తడి ఆరేదాకా ఉంది. పెద్దమ్మ కొత్త గట్టు ముందు నిలబడి పిండి పిసికింది, రొట్టె తట్టింది, బాగుందని తల కూడా ఊపింది. కానీ మాటిమాటికీ మునివేళ్ళ మీద లేస్తోంది. ఎందుకని అడిగితే మొహమాటపడుతూ చెప్పింది: పీట మీద నిలబడినప్పుడు కిటికీలోంచి వీధిలో పొయ్యేవాళ్ళు కనబడేవాళ్ళట, ఇప్పుడు ఆకాశమే కనబడుతోందట. అవ్వతో మాట్లాడుకోవడానికి అదే వీలుగా ఉండేదట. నేను గోడ వైపు తెల్లమొహం వేసుకుని చూశాను. గట్టు కొలిచాను, మోచెయ్యి కొలిచాను. కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో కొలవాలన్న సంగతే నాకు తోచలేదు.

కడపకు తిరిగి పోయే రోజు నాయనతో పాటు పెద్దనాయన కూడా బస్సు దగ్గరికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. దారిలో డిగ్రీ మాట ఎత్తుతాడని, బి.ఇడి. మాట ఎత్తుతాడని నేను బిక్కుబిక్కుమంటూ నడిచాను. ఆయన పత్తి సంగతి మాట్లాడాడు, రోడ్డు సంగతి మాట్లాడాడు. బస్సు కదిలేటప్పుడు వేరుశనక్కాయల సంచి కిటికీలోంచి అందించి, "ఈ పారి వచ్చేటప్పుడు ఆ కిటికీ సంగతి సూడు. మీ పెద్దమ్మ దినామూ అడుగుతాండాది" అన్నాడు. దుమ్ములో వాళ్ళిద్దరూ చిన్నవాళ్ళైపోయేదాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఎందుకో కళ్ళు నిండాయి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఏడ్చాను. (పక్క సీటు ఆమె ఏం సదువుతాండావు పాపా అని అడిగింది. ఈసారి తడుముకోకుండా చెప్పాను. ఆమె మాత్రం, "అంటే?" అంది.)

జ్యూరీలో నా షీటు అందరికన్నా గొప్పదేమీ కాదు. విజయవాడ పిల్లలు అపార్టుమెంటు వంటిళ్ళు రంగులతో ధగధగలాడేటట్టు గీశారు. నాదాంట్లో ఒక మూల ఇంకు మామూలుగానే అలుక్కుపోయింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా బొమ్మలో గట్టు ముందు నిలబడిన మనిషిని చూసి, ఇంత పొట్టిగా గీశావేంటమ్మా అన్నాడు. ఆమె అంతే ఉంటుందండీ, మా పెద్దమ్మ అన్నాను. గదిలో అందరూ నవ్వారు. స్కేలు మేడం నవ్వలేదు. షీటు మీద ఎక్కడో స్కేలు ఆనిస్తుందని చూశాను, ఎక్కడా ఆనించలేదు. కిటికీ ఎత్తు దగ్గర మాత్రం స్కేలును ఒక్క క్షణం ఆపి, తీసేసింది.

ఇప్పుడు నాకు కర్నూల్లో ఒక చిన్న ఆఫీసు ఉంది. వచ్చేవాళ్ళు ఫోన్లో ఫొటోలు తెస్తారు, ఫాల్స్ సీలింగులో నీలం లైట్లు కావాలంటారు. పెడతాను. కానీ వంటింటి దగ్గరికి వచ్చేసరికి ఫొటో పక్కన పెట్టించి, ఇంట్లో వండేదెవరని అడుగుతాను. ఎక్కువగా ఆమె వెనక నిలబడి ఉంటుంది. పిలిచి చెయ్యి మడిచి నిలబడమంటే, నాదేముంది, ఎంతున్నా సర్దుకుంటానంటుంది. సర్దుకోవద్దని చెప్పడమే నా పనిలో సగం. మనుషుల మోచేతుల వైపు చూడటం ఎంత అలవాటైపోయిందంటే, పెళ్ళిచూపుల్లో ఈమె నా మొహం చూడనే లేదని మా ఆయన ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తాడు.

మేమున్నది అద్దె ఇల్లు. ఓనరు బాగా పొడగరి, గట్టు తన లెక్కన కట్టించుకున్నాడు. నాకు ఎక్కువ ఎత్తు. చేరిన మొదటి వారంలోనే ఆ సంగతి కనిపెట్టాను, ఆయన్ను అడగాలని కూడా అనుకున్నాను. ఏళ్ళు గడిచిపోయాయి. సాయంత్రం చపాతీ పిండి పిసికాక భుజం పట్టుకుంటే, ఏమైందని మా ఆయన అడుగుతాడు. కంప్యూటరు ముందు ఎక్కువసేపు కూర్చున్నానని చెప్తాను. అప్పుడప్పుడు ఆ గట్టు ముందు నిలబడి, చేతిలో కొత్త టేపుతో పెద్దనాయనకే ఎదురు చెప్పిన ఆ పిల్ల ఇప్పుడు గనక ఈ వంటింట్లోకి వస్తే నన్ను ఎన్ని మాటలంటుందోనని తలుచుకుంటాను. నాకు నేనే నవ్వుకుని, మునివేళ్ళ మీద కొంచెం లేచి, పిండి అదుముతాను.